తామర గుండ్రంగానే ఎందుకు వస్తుంది?

నడుము దగ్గర, లాగు పట్టీ బిగిసేచోట, ఎర్రటి గుండ్రటి మచ్చ. అంచు కాస్త ఉబ్బి, పొట్టు లేస్తూ ఉంటుంది. మధ్యలో చర్మం మాత్రం దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. అదే తామర.

దీనికి కారణం ఒక ఫంగస్. మన చర్మం పైపొరలోనూ, గోళ్లలోనూ, వెంట్రుకల్లోనూ ఉండే కెరాటిన్ దాని తిండి. ఒకచోట మొదలై అన్నివైపులకూ పాకుతుంది. ఈలోగా ఒంట్లోని రక్షణ వ్యవస్థ మధ్యభాగాన్ని బాగుచేసుకుంటూ వస్తుంది. పోరు అంచులో సాగుతుంది కాబట్టి ఎరుపూ దురదా అక్కడే ఎక్కువ.

మరి తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకొస్తుంది? మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది దురదను చప్పున అణిచేస్తుంది, చర్మం రక్షణనూ తగ్గిస్తుంది. ఫంగస్‌కు అదే అదను. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి ఇవే పూసుకునే పిల్లల్ని తలచుకుంటే బాధేస్తుంది. ఇందులో సిగ్గేముంది? అమ్మానాన్నలకు చెప్పండి, చర్మవైద్యులకు చూపించండి. మచ్చ పోయాక కూడా వాళ్లు చెప్పినన్ని రోజులూ మందు రాయాలి, అంచు దాటి కొంచెం బయటికీ రాయాలి. ఎవరి తువ్వాలు వాళ్లదే. ఇంట్లో ఇంకొకరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.