అమెరికా టికెట్: వెతకడానికి ముందు తేల్చుకోవాల్సినవి

డల్లాస్‌లో కూతురు, న్యూజెర్సీలో కొడుకు, గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్న. ఇలాంటి ఇల్లు ఇప్పుడు తెలుగు నాట దాదాపు ప్రతి వీధిలోనూ ఉంది. పురుడు పోయడానికి, మనవడి అన్నప్రాశనకు, లేదంటే పిల్లల్ని ఒక్కసారి కళ్లారా చూసుకోవడానికి పెద్దవాళ్లు సముద్రాలు దాటి వెళ్తారు. ఎకానమీలో రానుపోను టికెట్ మనిషికి లక్ష రూపాయలు తేలిగ్గా దాటుతుంది. రద్దీ రోజుల్లో లక్షన్నర కూడా దాటుతుంది. ఆ ఖర్చుకు జంకి ప్రయాణాన్ని ఏటికేడు వాయిదా వేసేవాళ్లు ఎందరో. ఛార్జీ తగ్గించుకునే దారులు లేకపోలేదు. కానీ రాత్రంతా వెబ్‌సైట్లు తిరగేసినంత మాత్రాన అవి దొరకవు. ఏ రోజుల్లో వెళ్లాలి, ఎక్కడి నుంచి బయల్దేరాలి, ఎలాంటి టికెట్ కొనాలి అన్నవి ముందే తేల్చుకున్నవాళ్లకే తక్కువ ధర చిక్కుతుంది.

పక్కపక్క సీట్లకు వేర్వేరు ధరలు

అమెరికాలో 1978 దాకా దేశీయ విమాన ఛార్జీలను ప్రభుత్వమే నియంత్రించేది. ఆ ఏడాది వచ్చిన చట్టం ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. పోటీ పెరిగాక, ఒకే విమానంలోని సీట్లను రకరకాల ధరలకు అమ్మే విద్యను విమాన సంస్థలు 1980లలో బాగా పదును పెట్టాయి. ఇప్పుడు ప్రపంచమంతా అదే పద్ధతి. ఎకానమీ సీట్లన్నీ చూడటానికి ఒకటే అయినా, లోపల వాటిని అక్షరాల పేర్లతో తరగతులుగా విడగొడతారు. చవక తరగతిలో కొన్ని సీట్లే పెడతారు. అవి అయిపోగానే పై తరగతి ధర మొదలవుతుంది. నిన్న చూసిన ధర ఇవాళ పెరగడానికి సాధారణంగా కారణం ఇదే. మీరు పదే పదే వెతికారని పసిగట్టి కంప్యూటర్ ధర పెంచిందన్న భయం పెట్టుకోనక్కర్లేదు.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇందులోనే పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు చవక తరగతిలో రెండు సీట్లే మిగిలి ఉంటే, చాలా బుకింగ్ వ్యవస్థలు నలుగురికీ పై ధరే చూపిస్తాయి. అందుకని ముందు ఒక్కరికి వెతికి ధర చూడండి. తేడా కనిపిస్తే ఇద్దరిద్దరుగా కొనండి. తర్వాత విమాన సంస్థకు ఫోన్ చేసి రెండు బుకింగులనూ జతపరచమని అడగండి.

జనం ఎటు ప్రయాణిస్తున్నారు?

ధరను అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది తేదీ. అమెరికా బడులకు వేసవి సెలవులు ఇవ్వగానే, అంటే మే ఆఖరు నుంచి జూన్ దాకా, అక్కడి మన కుటుంబాలు ఇండియాకు బయల్దేరతాయి. ఆగస్టులో తిరిగి వెళ్తాయి. ఫాల్ సెమిస్టర్‌లో చేరే విద్యార్థులు కూడా జూలై, ఆగస్టుల్లోనే విమానం ఎక్కుతారు. డిసెంబరు రెండో వారం తర్వాత మళ్లీ జనం ఇటు వస్తారు, జనవరి మొదటి వారంలో అటు వెళ్తారు.

పెద్దవాళ్లు ఈ ప్రవాహానికి అడ్డం పడకుండా తేదీలు కుదుర్చుకోవాలి. జనవరి మొదటి వారంలో వెళ్లేబదులు సంక్రాంతి ఇంట్లోనే చేసుకుని, నెలాఖరునో ఫిబ్రవరిలోనో బయల్దేరవచ్చు. ఆగస్టు రద్దీ పోయాక సెప్టెంబరులో వెళ్లడమూ మంచిదే. తిరుగు ప్రయాణాన్ని జూన్ మొదట్లో పెట్టుకోకూడదు. ఆ వారాల్లో ఇండియా వచ్చే విమానాలు కిటకిటలాడుతుంటాయి. గూగుల్ ఫ్లైట్స్‌లో క్యాలెండర్ తెరిస్తే ఏ రోజు ఎంతో ఒక్క చూపులో తెలుస్తుంది. అనుకున్న తేదీలకు ధర తగ్గితే కబురు పెట్టమని అందులోనే అలర్ట్ పెట్టుకోవచ్చు.

గల్ఫ్, యూరప్ సంస్థల్లో రానుపోను కలిపి కొన్నది సాధారణంగా రెండు విడి టికెట్ల కన్నా చవక. ఇద్దరు పిల్లలు రెండు ఊళ్లలో ఉంటే మల్టీ సిటీ అన్న చోట వెతకండి. డల్లాస్‌లో దిగి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తిరిగి వచ్చేలా ఒకే టికెట్ తీసుకోవచ్చు. చాలాసార్లు దాని ధర మామూలు రానుపోను ఛార్జీకి దగ్గరలోనే ఉంటుంది. మధ్యలో ఒక్క దేశీయ విమానం కొనుక్కుంటే చాలు.

ఏ ఊరి నుంచి?

అంతర్జాతీయ ప్రయాణం అనగానే శంషాబాదే గుర్తొస్తుంది. కానీ నెల్లూరు, తిరుపతి వాళ్లకు చెన్నై దగ్గర. అనంతపురం, హిందూపురం వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం ఇంకా వీలు. అది ఉన్న దేవనహళ్లి నగరానికి ఉత్తరాన, హైదరాబాద్ హైవే వైపే ఉంది. మూడు చోట్లా ధరలు పోల్చండి. అయితే ఇంటి నుంచి విమానాశ్రయానికి కారు కిరాయి, అవసరమైతే ఒక రాత్రి లాడ్జి ఖర్చు కూడా లెక్కలో వేయండి. నాలుగు వేలు తగ్గిందని మరో ఊరికి వెళ్లి ఎనిమిది వేలు కారుకు పోయడం ఆదా అనిపించుకోదు.

ఒకే టికెట్, ఒకే మజిలీ

హైదరాబాద్ నుంచి దుబాయ్ దాకా ఒకటి, అక్కడి నుంచి అమెరికాకు మరొకటి విడిగా కొంటే ఒక్కోసారి చవకగా కనిపిస్తుంది. పెద్దవాళ్లకు ఆ పని చేయకండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. మళ్లీ పూర్తి ధర పెట్టి కొనాల్సిందే. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత సంస్థదే. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసినప్పుడు ఎన్నో విమానాలు దారి మళ్లాయి. అలాంటి రోజున విడి టికెట్లతో దారిలో చిక్కుకున్న పెద్దవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

మజిలీ ఒకటే ఉండి, మధ్యలో మూడు నుంచి ఐదు గంటలు దొరికితే మేలు. దుబాయ్, దోహాల నుంచి డల్లాస్, షికాగో, న్యూయార్క్ లాంటి నగరాలకు నేరుగా విమానాలున్నాయి. పిల్లలున్న ఊళ్లోనే దిగే విమానానికి కొంచెం ఎక్కువైనా పెట్టండి. లేదంటే అమెరికాలో మొదట దిగిన చోటే సాధారణంగా లగేజీ తీసుకుని, మళ్లీ అప్పగించి, ఇంకో విమానం పట్టుకోవాలి. అబుదాబిలో 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ కేంద్రం పనిచేస్తోంది. ఆ దారిన వెళ్తే తనిఖీ అక్కడే ముగుస్తుంది, అమెరికాలో దిగాక క్యూ ఉండదు. నడక కష్టమైన వాళ్లకు బుకింగ్‌లోనే వీల్‌చైర్ కోరండి. యూరప్ మీదుగా వెళ్లేటప్పుడు ట్రాన్సిట్ వీసా కావాలా వద్దా అన్నది కొనేముందే ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లో చూడండి.

డబ్బు కట్టే ముందు

లగేజీ ఎంతో చదవండి. అమెరికా దారిలో 23 కిలోల పెట్టెలు రెండు ఇవ్వడం మన వాళ్లకు అలవాటైన లెక్క. ఇప్పుడు చవక ఛార్జీల్లో ఒకటే ఇచ్చేవి, అసలు ఇవ్వనివి కూడా ఉన్నాయి. ఆవకాయ, పొడులు, మనవలకు బట్టలు సర్దుకున్నాక విమానాశ్రయంలో అదనపు పెట్టెకు కట్టే రుసుము మిగిలిన డబ్బంతా మింగేస్తుంది.

తేదీ మార్పు నిబంధన కూడా చూడండి. పురుటికి వెళ్లేవాళ్లు అనుకున్న రోజుకే తిరిగి రాలేకపోవచ్చు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొంచెం ఎక్కువైనా చివరికి అదే చవక. సందర్శకులను అమెరికాలో సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ గడువు దిగినప్పుడు అధికారి నిర్ణయిస్తారు.

పిల్లలు విమాన సంస్థ అమెరికా వెబ్‌సైట్‌లో నేరుగా కొంటే మరో రక్షణ ఉంది. ప్రయాణానికి వారం ముందో అంతకన్నా ముందో బుక్ చేస్తే, అమెరికా రవాణా శాఖ నిబంధన ప్రకారం సంస్థ 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ ధరను 24 గంటలు నిలిపి ఉంచాలి.

ఏజెంట్ దగ్గర కొంటే ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ చూసి తృప్తి పడకండి. అది సీటు బుక్ అయినట్టు మాత్రమే చెబుతుంది. డబ్బు చేరి టికెట్ జారీ అయితే 13 అంకెల ఈ-టికెట్ నంబరు వస్తుంది. ఆ రెండూ తీసుకుని విమాన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. నంబరు ఇవ్వడానికి నాన్చే ఏజెంట్‌ను నమ్మవద్దు.

కబురు అందిన గంటలోనే బయల్దేరాల్సిన ప్రయాణాలు కూడా ఉంటాయి. ఆఖరి నిమిషంలో ధరలు మండిపోతాయి. అమెరికాలో ఉన్న పిల్లలు క్రెడిట్ కార్డు, విమాన సంస్థల పాయింట్లను సరదా ప్రయాణాలకు ఖర్చు పెట్టకుండా ఇలాంటి రోజు కోసం దాచుకోవడం మంచిది.

అమ్మానాన్నల ప్రయాణం గురించి ‘చూద్దాంలే’ అనుకుంటూ నెలలు గడిపే పిల్లలకు ఒక్క మాట. వాళ్ల వీసా, ఆరోగ్యం, మీ సెలవులు ముందేసుకుని ఈ వారమే తేదీలు అనుకోండి, ధరకు అలర్ట్ పెట్టండి. ముందుగా తేల్చుకుంటే డబ్బూ మిగులుతుంది, పెద్దవాళ్లకు నడిచే ఓపిక ఉండగానే ప్రయాణమూ అవుతుంది.