పిల్లి నడిస్తే పాఠం వచ్చినట్టే!

ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఒక్క కామా మరిచినా కంప్యూటర్ మొరాయిస్తుంది. పిల్లలకు అక్కడే విసుగొస్తుంది. ఆ బెడద తీర్చేదే 'స్క్రాచ్'. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం ముఖ్యంగా 8-16 ఏళ్ల పిల్లల కోసం దీన్ని రూపొందించి, 2007లో అందరికీ ఉచితంగా అందించింది.

'పది అడుగులు వెయ్యి', 'మ్యావ్ అను', 'పదిసార్లు చెయ్యి'... ఇలా ఒక్కో పనికీ ఒక్కో రంగు దిమ్మ. లెగో ముక్కల్లా ఒకదానికొకటి తగిలిస్తే తెరమీది పిల్లిబొమ్మ నడుస్తుంది. పొసగని దిమ్మలు అతుక్కోవు కాబట్టి అక్షరదోషాల గొడవుండదు. వరస తప్పితే మాత్రం పిల్లి ఎటో వెళ్లిపోతుంది. ఎక్కడ తప్పిందో వెతికి సరిచేసుకోవడమే అసలు చదువు. అందుకే పెద్దలు మౌస్ లాక్కుని దిద్దేయకూడదు. 'పిల్లి అటెందుకు వెళ్లింది?' అని అడిగి ఊరుకోవాలి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు!