సంపన్న ఫుట్‌బాల్ క్లబ్బుల ఖర్చుకు కళ్లెం: అపోహలు – వాస్తవాలు

2023-24 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో ఎవర్టన్ మైదానంలో 48 పాయింట్లు సంపాదించింది. చివరికి పట్టికలో కనిపించినవి 40. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 36 సంపాదిస్తే 32 మిగిలాయి. ఖర్చులో హద్దు దాటినందుకు లీగ్ కోసేసిన పాయింట్లవి.

అదే లీగ్‌లో మాంచెస్టర్ సిటీ మీద 2023 ఫిబ్రవరిలో ఆర్థిక నిబంధనల ఉల్లంఘనపై వందకు పైగా అభియోగాలు మోపితే, విచారణ మొదలయ్యేసరికే 2024 సెప్టెంబరు వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన అభిమానికి కోపం రావడం సహజం. ఆ కోపంలోంచే కొన్ని అపోహలూ పుట్టాయి. నిబంధనలు ఎక్కడ పనిచేశాయో, ఎక్కడ జారిపోయాయో విడివిడిగా చూస్తేనే అసలు లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

అపోహ 1: ధనిక, పేద క్లబ్బులను సమానం చేయడానికే ఈ నిబంధనలు పెట్టారు.

వాస్తవం: క్లబ్బులు దివాలా తీయకుండా చూడటమే వీటి మొదటి లక్ష్యం. 2001లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడిన లీడ్స్ యునైటెడ్ అప్పుల్లో కూరుకుపోయి 2004లో ప్రీమియర్ లీగ్ నుంచే పడిపోయింది. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచిన పోర్ట్స్‌మత్ రెండేళ్లకే అప్పులవాళ్లకు చెల్లించలేని స్థితికి చేరి, తొమ్మిది పాయింట్లు కోల్పోయి కింది డివిజన్‌కు జారింది. ఇలాంటి పతనాల నేపథ్యంలోనే ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యుఈఎఫ్ఏ, మిషెల్ ప్లాటినీ అధ్యక్షుడిగా ఉండగా, ‘ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే’ నిబంధనలు తెచ్చింది. మొదట చూసింది బకాయిలనే: ఆటగాళ్ల జీతాలు, ఇతర క్లబ్బులకు ఇవ్వాల్సిన సొమ్ము, ప్రభుత్వ పన్నులు. ఆ తర్వాతే రాబడికి మించి ఖర్చు పెట్టకూడదన్న షరతు వచ్చింది.

ఫలితం కనిపించింది. 2011లో ఐరోపా అగ్రశ్రేణి క్లబ్బుల ఉమ్మడి నష్టం దాదాపు 170 కోట్ల యూరోలు. 2017 నాటికి అది దాదాపు 60 కోట్ల లాభంగా మారింది. ధనిక, పేద క్లబ్బుల మధ్య దూరం మాత్రం తగ్గలేదు. ఎక్కువ రాబడి ఉన్న క్లబ్ ఎక్కువ ఖర్చు పెట్టే వీలు ఈ నిబంధనల్లోనే ఉంది. సమానత్వం కావాలంటే దానికి వేరే నిబంధనలు రాసుకోవాలి.

జీతాల బకాయిలు ఒక జట్టును ఏం చేస్తాయో హైదరాబాద్ అభిమానులకు చెప్పనక్కర్లేదు. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించిన హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోవడంతో 2023-24లో పట్టిక అట్టడుగున నిలిచింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది.

అపోహ 2: యజమాని సొంత డబ్బు ఖర్చు పెడుతుంటే అడ్డుపడటం అన్యాయం.

వాస్తవం: యజమాని ఉన్నంతకాలం ఈ వాదన బాగానే ఉంటుంది. స్పెయిన్‌లో మలగాను 2010లో ఖతార్ షేక్ ఒకరు కొని, పేరున్న ఆటగాళ్లను తెచ్చారు. ఆ ఉత్సాహం త్వరగానే చల్లారింది, బకాయిలు పేరుకుపోయాయి. 2012 డిసెంబరులో యుఈఎఫ్ఏ తర్వాతి ఐరోపా పోటీకి నిషేధం వేసింది. అదే సీజన్‌లో చాంపియన్స్ లీగ్ క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లిన జట్టు, 2023లో స్పెయిన్ మూడో డివిజన్‌కు పడిపోయింది. ఒక్క మనిషి ఉత్సాహం మీద నిలబడ్డ క్లబ్‌కు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అందుకే ప్రీమియర్ లీగ్ హద్దు గీసింది. మూడేళ్లలో కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం రాకూడదన్నది 2025-26 దాకా నియమం. అందులోనూ ఎక్కువ భాగానికి యజమాని తన పెట్టుబడితో పూచీ పడాలి. 2021లో సౌదీ ప్రభుత్వ నిధి చేతికి వచ్చిన న్యూకాజిల్‌కు ప్రపంచంలోనే అత్యంత సంపన్న యజమానుల్లో ఒకరు దొరికారు. అయినా 2024 జూన్‌లో లెక్కలు సరిపెట్టుకోవడానికి ఆ క్లబ్ ఎలియట్ ఆండర్సన్, యాంకుబా మింటే అనే ఇద్దరు యువ ఆటగాళ్లను అమ్ముకోవాల్సి వచ్చింది.

అపోహ 3: ఖర్చు మీద హద్దు ఉంటే స్టేడియాలు, అకాడమీలు ఎదగవు.

వాస్తవం: యువ ఆటగాళ్ల శిక్షణ, మహిళల ఫుట్‌బాల్, స్థానిక సేవా కార్యక్రమాలు, స్టేడియం నిర్మాణం వంటి వాటి ఖర్చును ఈ లెక్కల్లోంచి మినహాయిస్తారు. హద్దు వర్తించేది ముఖ్యంగా ఆటగాళ్ల కొనుగోళ్లకు, జీతాలకు.

అపోహ 4: వంద మిలియన్లు పోసి ఆటగాణ్ని కొంటే, ఆ ఏడాది లెక్కలో వంద మిలియన్లూ పడతాయి.

వాస్తవం: పడవు. కొనుగోలు ధరను ఒప్పంద కాలం మీద సమానంగా పంచి రాస్తారు. వంద మిలియన్ పౌండ్ల ఆటగాడు అయిదేళ్ల ఒప్పందం మీద వస్తే ఏటా లెక్కకెక్కేది 20 మిలియన్లు. ఒప్పందం ఎనిమిదేళ్లయితే పన్నెండున్నరే. అమ్మకాల్లో మాత్రం లాభమంతా ఆ ఏడాదే జమ అవుతుంది. అయిదేళ్ల ఒప్పందం మీద వచ్చిన పై ఆటగాణ్ని రెండేళ్ల తర్వాత 70 మిలియన్లకు అమ్మితే, పుస్తకాల్లో మిగిలిన విలువ 60 కాబట్టి పది మిలియన్ల లాభం రాసుకోవచ్చు. అకాడమీలో పెరిగిన కుర్రాడికైతే కొన్న ధరే ఉండదు, అమ్మిన సొమ్మంతా లాభమే. సొంత ఊరి పిల్లల్ని క్లబ్బులు ఎందుకు అమ్ముతున్నాయో ఈ లెక్క చెబుతుంది. న్యూకాజిల్ అకాడమీలో పెరిగిన ఆండర్సన్ అందుకు నిదర్శనం. అభిమానులకు అత్యంత ఇష్టమైన ఆటగాళ్లనే అమ్మకానికి తోస్తున్న ఈ పద్ధతిని మార్చి తీరాలి.

ధరను ఒప్పంద కాలం మీద పంచే పద్ధతిని చెల్సీ చివరిదాకా సాగదీసింది. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ను 10 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందంతో తెచ్చుకుంది. నిబంధన దానికి ఒప్పుకుంది. ఆ ఏడాది వేసవిలోనే యుఈఎఫ్ఏ, డిసెంబరులో ప్రీమియర్ లీగ్ ఆ కిటికీ మూసేశాయి. ఇప్పుడు ఒప్పందం ఎంత పొడవైనా ధరను పంచుకోగలిగేది అయిదేళ్ల మీదే.

అపోహ 5: పెద్ద క్లబ్బుల జోలికి ఎవరూ వెళ్లరు, శిక్షలన్నీ చిన్నవాళ్లకే.

వాస్తవం: ఇది సగం నిజం. ఏసీ మిలాన్ 2019-20లో యూరోపా లీగ్‌కు దూరమైంది. ఆటగాళ్ల అమ్మకాల్లో లాభాలు పెంచి చూపిన కేసులో యువెంటస్‌కు 2022-23 సీజన్‌లో చివరికి పది పాయింట్లు కోత పడింది, మరుసటి ఏడు ఐరోపా పోటీలకూ అది దూరమైంది. 2025 జూలైలో చెల్సీకి యుఈఎఫ్ఏ 3.1 కోట్ల యూరోల జరిమానా వేసింది.

మిగతా సగం మాంచెస్టర్ సిటీది, పారిస్ క్లబ్ పీఎస్‌జీది. 2020 ఫిబ్రవరిలో సిటీని యుఈఎఫ్ఏ రెండేళ్లపాటు ఐరోపా పోటీల నుంచి నిషేధించింది. జూలైలో లాసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసి, మూడు కోట్ల యూరోల జరిమానాను కోటికి తగ్గించింది. అభియోగాల్లో చాలావాటికి రుజువు చాలలేదని, కొన్నింటికి అయిదేళ్ల గడువు దాటిపోయిందని చెప్పింది. నేమార్‌ను 22.2 కోట్ల యూరోలకు కొన్న పీఎస్‌జీ 2019లో అదే న్యాయస్థానంలో యుఈఎఫ్ఏ ఖర్చుల కేసు నుంచి గట్టెక్కింది. కేసును తిరిగి తెరవడానికి ఉన్న పది రోజుల గడువును యుఈఎఫ్ఏ దాటేసిందన్నదే అక్కడ తేలిన విషయం.

మరి ఎవర్టన్ కేసు ఎందుకంత త్వరగా తేలింది? ఎవర్టన్ హద్దు దాటిన మాట ఒప్పుకుంది, ఎంత దాటిందన్న దాని మీదే వాదించింది. విచారణ కమిషన్ లెక్కలో అది 1.95 కోట్ల పౌండ్లు. ఫారెస్ట్ కూడా ఒప్పుకుంది. ఇద్దరి విషయంలోనూ క్లబ్ ఇచ్చిన అంకెలే సాక్ష్యం. సిటీ వ్యవహారం వేరు. ఆ క్లబ్ సమర్పించిన ఆర్థిక సమాచారమే సరైనది కాదన్నది లీగ్ ఆరోపణ. సిటీ దాన్ని పూర్తిగా ఖండిస్తోంది. 2009 నుంచి సాగిన వ్యవహారాల పత్రాలను తిరగేసి, పేరుమోసిన న్యాయవాదుల ముందు రుజువు చేయాలి. డబ్బున్న క్లబ్‌కు దక్కే అసలు బలం ఇదే: పోరాడటానికి కావలసినంత కాలాన్ని అది కొనుక్కోగలదు.

అపోహ 6: లొసుగులు మిగిలాయంటే నిబంధన రాసినవాళ్లకు తెలివి చాలలేదన్నమాట.

వాస్తవం: ప్రీమియర్ లీగ్ నిబంధనలు రాసేది, మార్చేది కూడా క్లబ్బులే. ప్రీమియర్ లీగ్‌లో ఏ మార్పుకైనా 20 క్లబ్బుల్లో 14 ఒప్పుకోవాలి. చెల్సీ తన రెండు హోటళ్లను అదే యాజమాన్యం కింద ఉన్న మరో సంస్థకు 7.65 కోట్ల పౌండ్లకు అమ్మి, ఆ సొమ్మును లెక్కలో చూపింది. ఈ జేబులోంచి తీసి ఆ జేబులో వేసుకున్నట్టే. యుఈఎఫ్ఏ లెక్కల్లో ఇలాంటి అమ్మకాలు చెల్లవు. ప్రీమియర్ లీగ్‌లో ఈ దారి మూయాలన్న ప్రతిపాదనకు 2024లో చాలినన్ని ఓట్లు రాలేదు. తమకూ ఎప్పుడో పనికొస్తుందనుకునే దారిని సభ్యులు తమంతట తామే మూసుకోవడం కష్టం. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరుస్తూ 2025లో చట్టం రావడం వెనుక ఉన్న బలమైన కారణాల్లో ఇదొకటి.

అపోహ 7: జరిమానా భారీగా వేస్తే చాలు, దారికొస్తారు.

వాస్తవం: 2014లో సిటీ, పీఎస్‌జీలకు చెరో ఆరు కోట్ల యూరోల జరిమానా పడింది. షరతులు పాటిస్తే అందులో నాలుగు కోట్లు వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ స్థాయి క్లబ్‌కు మిగిలిన రెండు కోట్లు ఒక మామూలు ఆటగాడి ధర. గట్టిగా పనిచేసేది ముందే ఆపే పద్ధతి. స్పెయిన్ లా లిగాలో ప్రతి క్లబ్‌కూ జట్టు మీద ఎంత ఖర్చు పెట్టవచ్చో ముందే హద్దు చెబుతారు. దాన్ని మించితే ఆటగాడి పేరు నమోదు కాదు. 2021 ఆగస్టులో బార్సిలోనా అప్పు 135 కోట్ల యూరోలని అధ్యక్షుడు లపోర్తా ప్రకటించిన రోజుల్లోనే, మెస్సీని నమోదు చేయించుకోలేక వదులుకోవాల్సి వచ్చింది. విచారణా లేదు, అప్పీలూ లేదు. ప్రపంచంలోనే పేరున్న ఆటగాడికీ నియమం వర్తించింది. యుఈఎఫ్ఏ కూడా జీతాలు, బదిలీలు, ఏజెంట్ల ఖర్చు కలిపి రాబడిలో 70 శాతం దాటకూడదన్న పద్ధతికి దశలవారీగా వచ్చింది. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2026-27 నుంచి 85 శాతం హద్దుకు ఓటేశాయి.

ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఎవరో 2021-22 పట్టిక చెబుతుంది. ఆ ఏడాదితో ముగిసిన లెక్కల్లోనే ఎవర్టన్ హద్దు దాటింది. అది 39 పాయింట్లతో గట్టెక్కితే, 35 పాయింట్లతో బర్న్‌లీ కింది డివిజన్‌కు పడిపోయింది. ఎవర్టన్ కోల్పోయిన ఎనిమిది పాయింట్లలో ఈ కేసు తుది తీర్పు కింద పడిన ఆరు పాయింట్ల కోతను అదే సీజన్‌లో అమలు చేసి ఉంటే దానికి మిగిలేవి 33, బర్న్‌లీ నిలబడేది. శిక్ష మాత్రం రెండేళ్ల తర్వాత, వేరే ప్రత్యర్థులున్న సీజన్‌లో పడింది. కాబట్టి ఖర్చుల నిబంధనల గురించి వార్త వచ్చినప్పుడు పాఠకులు జరిమానా అంకె దగ్గర ఆగిపోకూడదు. తప్పు జరిగింది ఏ సీజన్‌లో, తీర్పు వచ్చింది ఏ సీజన్‌లో అని చూడాలి. ఆ రెండూ ఒకటైన రోజునే ధనిక క్లబ్‌కూ చిన్న క్లబ్‌కూ ఒకే నిబంధన ఉన్నట్టు.