బంతి నేల దగ్గర ఎందుకు తేలుతుంది?

యానిమేషన్ నేర్చుకునేవాళ్ల చేత చాలాచోట్ల మొదట చేయించేది ఎగిరే బంతి. బంతి ఎక్కడుండాలో మనమే చెప్పే ఫ్రేమును కీఫ్రేమ్ అంటారు. పైన ఒక కీఫ్రేమ్, నేల మీద ఒకటి, మళ్లీ పైన ఒకటి. మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేరే నింపుతుంది. తీరా ప్లే నొక్కితే బంతి నేలను తాకి ఎగరదు. నేల దగ్గరికొచ్చి నెమ్మదించి, క్షణం ఆగి, తీరిగ్గా లేస్తుంది. మూడు కీఫ్రేములూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. తేడా అంతా వాటి మధ్యే.

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 24 ఫ్రేములు. 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి దాదాపు అర సెకనులో, అంటే 12 ఫ్రేముల్లో నేలను తాకుతుంది. పడే దూరం కాలం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆరో ఫ్రేముకి బంతి దిగేది పావు వంతే, 30 సెంటీమీటర్లు. మిగిలిన 90 సెంటీమీటర్లూ తర్వాతి ఆరు ఫ్రేముల్లో దిగాలి. మధ్య ఫ్రేములు నింపడానికి లీనియర్ పద్ధతి పెడితే మొదటి నుంచి చివరి దాకా ఒకటే వేగం, ఆరో ఫ్రేముకే సగం దూరం అయిపోతుంది. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా వచ్చే బెజియర్ పద్ధతి రెండు కొసల్లోనూ నెమ్మదిస్తుంది. పైన అది సరిగ్గా సరిపోతుంది. కింద మాత్రం, బంతి అన్నిటికంటే జోరుగా ఉండాల్సిన చోట, బ్రేకు వేసేస్తుంది.

దీన్ని దిద్దేది గ్రాఫ్ ఎడిటర్‌లో. అడ్డంగా కాలం, నిలువుగా ఎత్తు. గీత ఎంత నిటారుగా ఉంటే వేగం అంత ఎక్కువ. ప్రతి కీఫ్రేముకి, అంటే కీకి, అటూ ఇటూ గీత వంపును మార్చే రెండు హ్యాండిళ్లుంటాయి. నేల మీది కీ దగ్గర వాటిని విడదీసి రెండిటినీ పైకి లాగితే, గిన్నె అడుగులా ఉన్న వంపు పదునైన మొనగా మారుతుంది. అంతే, బంతి ఠపీమని లేస్తుంది.

ఈ బెజియర్ వంపులు పుట్టింది సినిమాల కోసం కాదు, కార్ల కోసం. 1959లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో వీటి లెక్క కట్టాడు. కంపెనీ ఆ పనిని బయటపెట్టలేదు. తర్వాత రెనోలో పియెర్ బెజియర్ విడిగా అదే దారికొచ్చి ప్రచురించడంతో పేరు ఆయనకు దక్కింది. న్యాయమా అంటే, ప్రచురించనివాడికి పేరెలా వస్తుంది?

కంప్యూటర్లకు ముందు, మధ్య బొమ్మల వేగాన్ని నిర్ణయించే పని కాగితం అంచున జరిగేది. ముఖ్యమైన బొమ్మలు వేసిన సీనియర్ యానిమేటర్, బొమ్మ పక్కనే నిలువు గీత గీసి, దాని మీద చిన్న గీతలు పెట్టేవాడు. గీతలు దగ్గరగా ఉన్నచోట కదలిక నెమ్మది, దూరంగా ఉన్నచోట వేగం. మధ్య బొమ్మలు వేసే సహాయకుడు దాన్ని చూసుకుని గీసేవాడు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలి వీన్ ఆ సహాయకుడి పనిని కంప్యూటర్‌కు నేర్పారు. దాంతోనే పీటర్ ఫోల్డెస్ 1974లో ‘హంగర్’ తీశాడు, అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

కంప్యూటర్ నింపేది ఊహే, అది తప్పొచ్చు. నేల మీద ఆనిన పాదానికి ఒకే ఎత్తులో రెండు కీలు పెట్టినా, హ్యాండిళ్లు వాలుగా ఉంటే మధ్యలో పాదం నేలలోకి దిగిపోతుంది. అందుకే చాలామంది యానిమేటర్లు మొదట మధ్యలో ఏమీ నింపని కాన్‌స్టంట్ పద్ధతిలో పెట్టుకుని, మధ్య భంగిమలు కూడా తామే నిలిపి, ఆ తర్వాతే వంపుల జోలికి వెళ్తారు.