వినుకొండ గ్రానైటు, కిటికీ గాజు

యూరప్‌లోని పాత చర్చిల కిటికీ అద్దాలు కొన్ని అడుగున మందంగా, పైన పల్చగా ఉంటాయి. వందల ఏళ్లుగా గాజు కిందికి జారడమే అందుకు కారణమనీ, గాజు అతి నెమ్మదిగా పారే ద్రవమనీ చాలామంది నమ్ముతారు. అది నిజమో కాదో తెలియాలంటే ముందు రాయి ఎలా పుడుతుందో చూడాలి.

భూగర్భ శాస్త్రవేత్తలు మన ఊరి పేరుతోనే పిలిచే ‘వినుకొండ గ్రానైటు’ సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల మరిగే శిలాద్రవం. లోతున ఉండటంతో అది చాలా నిదానంగా చల్లారింది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు బారులు తీరి స్ఫటికాలయ్యేంత వ్యవధి దొరికింది. గ్రానైటులోని పలుగురాయి పలుకులు అలా ఏర్పడ్డవే. అలాంటి శిలాద్రవమే అగ్నిపర్వతం నుంచి పైకొచ్చి చప్పున చల్లారితే అబ్సిడియన్ అనే నల్లని సహజ గాజవుతుంది. సరుకు దాదాపు ఒకటే, చల్లారిన వేగమే వేరు.

కిటికీ గాజు కోసం ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిస్తారు. చల్లారేకొద్దీ ద్రవం చిక్కబడి, 550 డిగ్రీల ప్రాంతంలో పరమాణువులు ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. వేరుశనగ పప్పుచెక్కలో బెల్లం ముదురుపాకం గట్టిపడేదీ ఇలాగే. గాజులో పరమాణువుల అమరిక ద్రవానిది, గట్టిదనం మాత్రం ఘనానిది. అందుకే దాన్ని అస్ఫటిక ఘనం అంటారు.

మరి జారుడు సంగతి? బ్రెజిల్ శాస్త్రవేత్త ఎడ్గార్ జనొట్టో 1998లో లెక్కకట్టి, మామూలు ఉష్ణోగ్రతలో గాజు కంటికి కనిపించేంత పారాలంటే విశ్వం వయసు కూడా చాలదని తేల్చారు. గాజు శాస్త్రవేత్త జాన్ మౌరో బృందం లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే గాజు మిశ్రమాన్నే తయారుచేసి పరీక్షించింది. 2017లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం గాజు వంద కోట్ల ఏళ్లలో జారేది మహా అయితే ఒక నానోమీటరు. అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు.

అద్దాల మందంలో తేడా తయారీలోనే వచ్చింది. ఆ రోజుల్లో కరిగిన గాజును ఊది, గిరగిరా తిప్పి పళ్లెంలా పరిచి ముక్కలు కోసేవారు. మందం అంతటా ఒకేలా వచ్చేది కాదు. మందమైన అంచు పైకి వచ్చేలా బిగించిన అద్దాలూ ఉన్నాయి. గాజు కారి ఉంటే అలాంటివి కనిపించకూడదు.

ద్రవం గాజుగా బిగుసుకునే ఆ క్షణాన లోపల సరిగ్గా ఏం జరుగుతుందన్నది మాత్రం భౌతికశాస్త్రానికి ఇంకా పూర్తిగా అంతుచిక్కలేదు. నోబెల్ గ్రహీత ఫిలిప్ ఆండర్సన్ 1995లో దాన్ని ఘనపదార్థ శాస్త్రంలోని అతి లోతైన చిక్కుముడుల్లో ఒకటిగా ఎంచారు. తరగతి గదిలో గాజు పారుతుందన్న కట్టుకథను పక్కనపెట్టి, ఈ ప్రశ్నను పిల్లల ముందుంచాలి. దాన్ని విప్పేవాళ్లు వాళ్లలోనే ఉండవచ్చు.