మాల తీశాక... మళ్లీ మొదలా?

డిసెంబరు చివరి వారం. శబరిమల నుంచి బస్సు తిరిగొచ్చింది. ప్రసాదం ఇంటింటికీ పంచేశారు. నలభై ఒక్క రోజులు నల్లబట్టలతో, చన్నీళ్ల స్నానంతో, నేలమీద పడకతో గడిపిన స్వామి మెడలో మాల తీశాడు. భార్య ముఖంలో సంతోషం... దాని వెనకే చిన్న భయం. క్యాలెండర్లో నాలుగు రోజులు దాటితే డిసెంబరు 31!

తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్లకు తెలిసిన భయమే ఇది. మండలం రోజులు చుక్క ముట్టనివాడు మాల తీయగానే మళ్లీ ఎందుకు తాగుతాడు? 'మనసుంటే మానలేడా' అనేస్తారు చుట్టాలు. అసలు సంగతి వేరే ఉంది.

దీక్షలో ఏముంది?

నల్లబట్టలు చూస్తే ఎవరూ గ్లాసు చేతికివ్వరు. 'స్వామీ' అన్న పిలుపు మర్యాదను గుర్తుచేస్తుంది. రెండుపూటలా పూజ, సాయంత్రం భజన... ఖాళీ దొరకదు. తోడుకు తోటి స్వాములు, మనసు చలిస్తే చెప్పుకోవడానికి గురుస్వామి. మద్యం మానేవారికి వైద్యులు చెప్పేవీ దాదాపు ఇవే: వేళకు దినచర్య, మంచి తోడు, చెప్పుకోవడానికో మనిషి. మాల తీసిన పూట ఇవన్నీ ఒక్కసారే పోతాయి. మిగిలేది పాత సాయంత్రం, పాత స్నేహాలు. దీక్షకు ముగింపు తేదీ ఉంది. మానడానికి లేదు. తేడా అక్కడే!

ఇంకో జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు మాల కోసమైనా సరే, ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. తొలి రెండు మూడు రోజుల్లో కొందరికి ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడొచ్చు. అది ప్రాణాపాయం. ముందే డాక్టరును కలిసి మానడం క్షేమం.

పండగకో గండం

కొత్త సంవత్సరం దాటితే సంక్రాంతి. కనుమ నాడు చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగ, ఇంట్లో మాంసం కూర, వాకిట్లో అల్లుళ్లు. 'ఏం బావా, పండగ పూట ఒక పెగ్గు ఏసుకోకపోతే ఎట్లా?' అంటాడు బామ్మర్ది. ఆ తర్వాత పెళ్లిళ్లు. మే నెలలో గంగమ్మ జాతర... వారం రోజులు వేషాలు, డప్పులు, మండుటెండ.

తాగిన ప్రతిసారీ పక్కనున్న వాసననీ చప్పుడునీ మనిషినీ మెదడు మద్యంతో కలిపి దాచుకుంటుంది. ఏడాది తర్వాత అదే డప్పు వినిపిస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది. అది బలహీనత కాదు, మెదడు నేర్చుకున్న పాఠం. మంచి కబురేమిటంటే ఆ కోరిక అలలాంటిది. లేస్తుంది, కాసేపటికి దానంతటదే విరిగిపోతుంది. సాధారణంగా అరగంట ఓపిక పడితే చాలు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట... ఈ నాలుగూ ఆ అలను పెంచుతాయి. కాబట్టి జాతరకు ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. ఎండలో దాహాన్ని అంబలితోనో మజ్జిగతోనో ముందే తీర్చుకోవాలి.

ఒక్క ఫోను!

1935 మే నెల. అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి హోటల్ లాబీలో నిలబడ్డాడు. మానేసి కొన్ని నెలలే. వచ్చిన పని చెడింది. ఒకవైపు బార్ సందడి, మరోవైపు టెలిఫోను. ఆయన ఫోను వైపే నడిచాడు. తనలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉన్నారా అని వాకబు చేస్తే డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. 'ఈ ఒక్కరోజు తాగను' అన్నది వాళ్ల సూత్రం. జీవితాంతం అనుకుంటే కొండ. ఈ పూటకు అనుకుంటే ఒక మెట్టు.

ముందే చూసుకుంటే...

• మాల తీసినా సాయంత్రం భజన మానొద్దు. గురుస్వామి నంబరు దగ్గరుంచుకోవాలి.
• డిసెంబరు 31 సాయంత్రాన్ని మద్యం లేని చోటికి మార్చుకోవాలి. తిరుపతివాళ్లకు అది కళ్లెదుటే ఉంది. మద్యం నిషిద్ధమైన తిరుమల... అలిపిరి నుంచి 3,550 మెట్లు!
• 'డాక్టరు వద్దన్నాడు, నేను తాగను' అన్న జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. చేతిలో గ్లాసెడు మజ్జిగ ఉంటే ఇంకో గ్లాసు ఎవరూ పెట్టరు.
• ఒకసారి జారితే 'ఎలాగూ పోయింది' అనుకోవద్దు. ఆ మాట ఆ పెగ్గు కంటే ప్రమాదం. అదే రోజు ఎవరికైనా చెప్పి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంట్లోవాళ్లకూ పని ఉంది. పండగకొచ్చే చుట్టాలకు ముందే చెప్పాలి, ఇంట్లోకి సీసా రానివ్వకూడదు. 'చూద్దాంలే ఎన్నాళ్లో' అన్న ఎత్తిపొడుపు వద్దు. తాగుడు మాన్పించే మాత్రలు తెలియకుండా అన్నంలో కలపడం అసలే వద్దు. వాటి మీద తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సాయం కావాలంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

నలభై ఒక్క రోజులు మానగలిగిన మనిషికి మానే శక్తి ఉందని రుజువైపోయింది. ఇక కావలసింది నలభై రెండో రోజుకు ఓ తోడు... అంతే!