వాతరక్తములో స్కానింగు ఏమి చూపును?

పాదపు బొటనవ్రేలి మూలమున రాత్రివేళ హఠాత్తుగా పుట్టి, దుప్పటి తగిలినను ఓర్వలేనంత బాధించు వాపును మన ఇండ్లలో సామాన్యముగా "వాతము" అనియే అందురు. ఆయుర్వేదము దీనికి వాతరక్తమని పేరిడినది. ఆధునిక వైద్యులు గౌట్ అనునది చాలవరకు ఇదియే. చరకుడు చికిత్సాస్థానము 29వ అధ్యాయములో దీనిని రెండుగా విభజించెను: చర్మమాంసములను ఆశ్రయించినది ఉత్తానము, లోతు ధాతువులలో చేరినది గంభీరము. ఉత్తానమును కన్ను, వ్రేలు పట్టగలవు. గంభీరమును రోగి మాటనుబట్టి, నొక్కినప్పటి బాధనుబట్టి ఊహించుట గురుకులములో నేర్చుకొంటిమి. ఆ లోతును నేడు అల్ట్రాసౌండ్ స్కానింగు కంటికి చూపుచున్నది.

స్కానింగనగా గర్భిణులకు చేయునదే అని పలువురి తలంపు. అవే ధ్వనితరంగములు కీలులోనికిని పోగలవు. రక్తములో యూరిక్ ఆమ్లము డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు మించినచో కరగియుండజాలక, సూదులవంటి స్ఫటికములై కీళ్ళలో పేరుకొనవచ్చును. ఎముక చివరనున్న తరుణాస్థిపై అవి పొరగా పరచుకొనినప్పుడు, తెరపై ఎముక గీతకు సమాంతరముగా మరొక తెల్లని గీత కనబడును. 2015లో అమెరికా, ఐరోపా కీళ్ళవైద్య సంఘములు కలసి రూపొందించిన గౌట్ వర్గీకరణ ప్రమాణములలో ఈ జంటగీతకు స్థానము లభించినది. ఎక్స్‌రేలో ఎముక తినివేయబడినట్లు కనబడుటకు సంవత్సరములు పట్టును.

పాల్వంచ ప్రాంతపు ఉపాధ్యాయుడొకరు చీలమండ వాపుతో నా వద్దకు వచ్చిరి. నొప్పి ముమ్మరముగా నున్నపుడు చేయించిన రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లము 5.9 మాత్రమే. గౌట్ కాదని నిశ్చయించుకొని, ఇరుగుపొరుగు సలహాపై వేడినూనెతో మర్దనము చేయించుకొనుచుండిరి. నొప్పి విజృంభించినపుడు ఈ ఆమ్లము రక్తములో తగ్గి కనబడుట కద్దు. ఖమ్మములో స్కానింగు చేయించగా జంటగీత స్పష్టముగా కనబడినది. ఎర్రబడి మండు కీలుపై మర్దనము, కాపడము తగవు; చల్లని కట్టు, విశ్రాంతి మేలు.

భద్రాచలమునకు ఎగువన చర్ల, దుమ్ముగూడెము అడవిపల్లెల నుండి వచ్చు రోగులకు ఈ సౌకర్యము చేరువలో లేదు. లింగనిర్ధారణను అరికట్టుటకు 1994లో చేసిన చట్టము ప్రకారము ప్రతి స్కానింగు యంత్రమును నమోదు చేయించవలెను; దానిని సంచిలో పెట్టుకొని ఊరూర తిరుగుటకు వీలు కాదు. మంచి చట్టమే, కాదనను. అట్టి రోగులను నేను తాటికల్లు, ఇప్పసారా, మేక కార్జము, రక్తపోటు మాత్రలు—వీనిని గూర్చి ముందుగా విచారింతును.

తొలిసారి నొప్పి వచ్చినవారిలో స్కానింగు ఏమియు చూపకపోవచ్చును. జ్వరము, వణకుతో కీలు వాచినచో చీము పట్టినదేమో యని అనుమానించి, కషాయములతో కాలము గడపక ఆ దినముననే ఆసుపత్రికి పోయి సూదితో కీలునీరు తీయించి పరీక్ష చేయించవలెను. ఆ నీటిలోని స్ఫటికములను సూక్ష్మదర్శినిలో చూచుటయే నేటికిని తిరుగులేని నిర్ధారణ.

నొప్పి తగ్గిన మరునాడే మందు మానువారికి ఈ చిత్రమును తప్పక చూపవలెనని నా అభిప్రాయము. వాపు పోయినను గీత అట్లే యుండును. యూరిక్ ఆమ్లమును నెలల తరబడి 6 కంటె తక్కువగా నిలిపినచో అది పలుచబడి మాయమగుటను స్కానింగులోనే చూడవచ్చును. తిప్పతీగ వాతరక్తమునకు ప్రసిద్ధమైన ఔషధమే. అయినను దానిని వాడిన కొందరిలో కాలేయము దెబ్బతినినట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి గనుక వైద్యుని పర్యవేక్షణ లేక సేవింపరాదు. డాక్టరు వ్రాసిన అల్లోప్యూరినాల్ వంటి మందులను స్వయముగా ఆపరాదు.

కీళ్ళ స్కానింగులో అనుభవముగల రేడియాలజిస్టు వద్దకే వెళ్ళుడు. బాధించు కీలుతోపాటు బొటనవ్రేళ్ళ మూలములను, మోకాళ్ళను కూడ చూడుమని కోరుడు. నొప్పిలేని కీళ్ళలోను స్ఫటికములు కనబడుట కలదు.